కాయకము ఆగిన యింట దాసోహము

ఆకలి రెండు విధములు. వీధిలో కానవచ్చు ఆకలి యొకటి. తలుపు వెనుక దాగియుండు ఆకలి మరియొకటి. మొదటిది చేయి చాచును గనుక ఎవరో యొకరు దానిని చూతురు. రెండవది చేయి చాచదు. పొరుగింటి యిల్లాలు "భోజనములైనవా వదినా?" అని పలుకరించినచో "ఇప్పుడే యైనవి" అని చిరునవ్వుతో బదులు చెప్పి లోనికి పోవును. మొదటి ఆకలికి అన్నము పెట్టుట సులభము. రెండవ దానికి పెట్టుట యెట్లు? పెట్టినచో ఆ యింటివారి గౌరవము నిలుచునా? కాయకమునకు కైలాసముతో సమానమైన స్థానమిచ్చిన శరణధర్మములో, పని లేక యింట కూర్చున్నవానికి ఉచితముగ ఆహారమిచ్చుట సమంజసమగునా? బియ్యపు సంచులు పంచుట మన సంఘములలో జరుగుచునే యున్నది. పంచుటలోని ధర్మమేమి యను విచారణ మాత్రము అరుదు. ఈ వ్యాసమున ఆ విచారణకు పూనుకొందము.

విచారణకు ఒక చోటు కావలెను. హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కూడళ్ళకు దక్షిణపు వైపున మీర్‌పేట యున్నది. ఒకప్పుడది సరూర్‌నగర్ మండలములో చెరువుల నడుమనున్న గ్రామము. మంత్రాల చెరువు, సంద చెరువు అను పేర్లు నేటికిని ఆ గ్రామమును జ్ఞప్తికి తెచ్చుచున్నవి. 2016లో బాలాపూర్ మండల మేర్పడగా అందులో చేరినది. 2019లో జిల్లెలగూడతో కలసి నగర పాలక సంస్థ అయినది. గ్రామము నగరమైనంత వేగముగ అచటి కుటుంబముల బ్రతుకు స్థిరపడలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల నుండి వచ్చి చేరినవారు, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణములలో పనిచేయువారు, ఆటో నడుపువారు, చిన్న ప్రైవేటు బడులలో పాఠములు చెప్పువారు, ఇంట కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టు స్త్రీలు ఇట్టి కాలనీలలో అద్దె కుందురు. నెల మొదటి వారమున వీరెవరును పేదలు కారు. నాలుగవ వారమున ఎవరు పేదలో చెప్పుట కష్టము. ఇంటి పెద్దకు జ్వరము వచ్చి పది దినములు మంచమెక్కినను, దుకాణము యజమాని పనినుండి తొలగించినను, ఆ యిల్లు ఒక్క నెలలో గీత దాటి క్రిందికి జారును.

ప్రభుత్వ మేమియు చేయుట లేదనుట సత్యము కాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము నిచ్చినది. 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టము చేసి, ఆహారమును దయగా గాక హక్కుగా నిలిపినది. తెలంగాణలో కార్డు గలవారికి మనిషికి ఆరు కిలోల బియ్యము నియమమైనది. 2025 ఉగాది నుండి సన్న బియ్యము నిచ్చుట మొదలైనది. హైదరాబాదు నగరమున 2014 నుండి అయిదు రూపాయలకు భోజనము పెట్టుట ఆరంభమైనది. ఇవి చిన్న పనులు కావు. ఒకనాడు ధర్మసత్రములు చేసిన పనిని చట్టము చేయుచున్నదన్న మాట.

అయినను ఖాళీ మిగిలియే యున్నది. నలుగురున్న కుటుంబమునకు మనిషికి ఆరు కిలోల చొప్పున నెలకు 24 కిలోల బియ్యము వచ్చును. అనగా దినమునకు 800 గ్రాములు. పొదుపుగ వండుకొన్నచో చాలవరకు నెట్టుకొని రావచ్చును. కాని బియ్యము ఒక్కటియే వంటిల్లు కాదు. కందిపప్పు, నూనె, చింతపండు, పిల్లలకు పాలు, పొయ్యికి గ్యాసు కావలెను. అద్దె యిల్లు తరచు మారువారికి కార్డు లేకపోవచ్చును. ఉన్నను క్రొత్తకోడలి పేరో, పుట్టిన బిడ్డ పేరో అందులో ఎక్కకపోవచ్చును. ప్రభుత్వ పాఠశాలలో మధ్యాహ్న భోజన మున్నది. పరువు కొరకు అప్పు చేసి ప్రైవేటు బడిలో వేసిన బిడ్డకు అది లేదు. అయిదు రూపాయల భోజనము వీధిలో నిలిచి తినగల వానికి వరమే. ముసలి అత్తను, పసిబిడ్డను ఇంట విడిచి వరుసలో నిలువలేని యిల్లాలికి అది అందదు. చట్టము చూడలేని చోట్లను పొరుగువాడు చూడగలడు. సంఘము పని మొదలగునది ఆ ఖాళీలోనే.

2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చినపుడు ఈ సత్యము అందరి కన్నుల యెదుట నిలిచినది. రాష్ట్ర ప్రభుత్వము కార్డు గలవారికి మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1,500 రూపాయలను ఇచ్చినది. కాని కార్డు లేని కూలీలు, జీతమాగిన గుమాస్తాలు మిగిలిపోయిరి. ఆ దినములలో ఎల్.బి.నగర్ ప్రాంతమున ఒక ప్రైవేటు ఉద్యోగి బియ్యము, పప్పు, ఉప్పు మొదలగు వెచ్చములను సంచులలో కట్టించి, వచ్చినవారికి వచ్చినట్లు ఇచ్చుట ఆరంభించెను. జనులు దానికి 'రైస్ ఏ.టి.ఎం.' అని పేరు పెట్టిరి. ఆయన కీ బుద్ధి పుట్టించినది ఎవరో గమనింపవలెను. పత్రికలు నాడు వ్రాసిన దానిని బట్టి, ఆమె చిన్న జీతమునకు కాపలా ఉద్యోగము చేయు ఒక స్త్రీ. అన్నము లేని వలస కూలీల కొరకు తన జీతములో నుండి ఖర్చుపెట్టి వస్తువులు కొనుచు ఆయనకు కనబడినది. ఉన్నవాడు లేనివానిని చూచి కదలుట లోకములో కలదు. ఇచట లేనిదాని దాతృత్వమును చూచి ఉన్నవాడు కదలెను. ఇచ్చుటకు ఐశ్వర్యము ముందు షరతు కాదని ఆ స్త్రీ ఏ గ్రంథమును చదువకయే నిరూపించినది.

ఆ కష్టకాలమే మరియొక విషయమును తేటతెల్లము చేసినది. బడులు మూతపడగా ప్రైవేటు ఉపాధ్యాయులు జీతములు లేక కూరగాయలమ్మిరి, కూలికి పోయిరి. 2021 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వము ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకును సిబ్బందికిని నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చుటకు పూనుకొన్నది. నిన్నటి వరకు బల్ల ముందర నిలిచి పాఠము చెప్పినవాడు నేడు బియ్యపు సంచి కొరకు నిలువవలసి వచ్చెను. అతడు సోమరియా? కాదు. అతడు కాయకమును విడువలేదు. కాయకమే అతనిని విడిచినది.

ఇచటనే మొదటి ఆక్షేపమునకు సమాధానము దొరకును. "శ్రమ చేయక తినుట శరణధర్మమునకు విరుద్ధము గదా, ఉచితముగ నిచ్చినచో సోమరితనమును పెంచినట్లు గాదా?" అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు నిలిపిన సమాజములో చాకలి, చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు తమ తమ వృత్తులతోనే శరణులైరి. పని లేని భక్తికి అచట స్థానము లేదు. కాని కాయకము ఒంటరిగ నిలువదు. కాయకము వలన వచ్చినదానిలో తన యవసరమునకు మించిన భాగమును సమాజమున కర్పించుట దాసోహము. పని చేయువాడు తన కొరకు మాత్రమే పనిచేయడను నియమము దీనిలో నున్నది. అట్లయినచో పని యాగిన వానికి ఆ భాగములో పాలు లేదనుట యెట్లు? నిన్న అతడు పనిచేసినపుడు అతని దాసోహము ఎవరికో చేరినది. నేడు ఇతరుల కాయకఫలము అతనికి చేరుట ఋణము తీరుటయే గాని భిక్ష కాదు. పని నిరాకరించినవానికిని, పని దొరకనివానికిని భేదము చూపక ఇద్దరిని ఒకే త్రాటికి కట్టుట కాయక సిద్ధాంతమును గౌరవించుట కాదు. దానిని కఠినత్వమునకు సాకుగా వాడుకొనుట.

ఈ సందర్భమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ స్మరణీయము. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలనే వండి జంగములకు పెట్టి, ప్రసాదముగ తాము భుజించుట వారి నిత్యకృత్యము. ఒకనాడు మారయ్య ప్రతిదినము కంటె హెచ్చుగ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. మన కింత యెందుకు, మిగిలినదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను తిరిగి పంపెను. ఈ కథను మనము సాధారణముగ దురాశకు విరుగుడుగ చెప్పుకొందుము. దానిలో వేరొక అర్థమును గలదు. ఆ యిల్లు కల్యాణములో మిక్కిలి పేద యిండ్లలో నొకటి. అయినను అది పుచ్చుకొను ఇల్లు మాత్రమే కాదు, పెట్టు ఇల్లు కూడ. ఎంత చాలునో నిర్ణయించు అధికారము ఆ యింటి యిల్లాలి చేతిలోనే యున్నది. పేదవానికి మనము చేయు మొదటి అపకారము ఆ అధికారమును లాగికొనుటయే. వానికేమి కావలెనో వానిని అడుగక, మన కేది తోచిన దానిని సంచిలో కట్టి పంపుచున్నాము. కార్డు బియ్యము ఇంట నిలువయున్న వానికి మరల బియ్యమే యిచ్చి, పప్పు లేదని తెలిసికొనలేకపోవుచున్నాము. ఏమి చాలును, ఏమి చాలదు అని చెప్పు హక్కును లక్కమ్మకు మిగుల్చుట గౌరవమునకు మొదటి మెట్టు.

రెండవ ఆక్షేపము మరింత చిక్కైనది. "మోసగాండ్రు లేరా? అర్హులను గుర్తింపక యిచ్చినచో సంఘధనము వ్యర్థమగును గదా?" అని అడుగుదురు. సొంత సొమ్ము ఇచ్చువాడు కన్నులు మూసికొని ఇచ్చినను ఇవ్వవచ్చును. పదిమంది చందాలను పంచువాడు అట్లు చేయరాదు, అతడు ధర్మకర్త. కావున విచారణ వలదనుట కుదరదు. కాని విచారణ పేరున జరుగుచున్నదేమి? కాగితములు తెమ్మనుట, పదిమందిలో నిలువబెట్టి కష్టము చెప్పించుట, తుదకు సంచి చేతికిచ్చుచు ఫోటో తీయుట. ఆ ఫోటో ఫోనులలో ఊరంతయు తిరుగును. ఆ యింటి కుమార్తె బడిలో దాని గురించి తోడిపిల్లల నోట వినును. అయిదు వందల రూపాయల వెచ్చములకు అంత మూల్యము చెల్లించుటకంటె పస్తుండుట మేలని ఆ కుటుంబము తలచినచో తప్పు వారిదా, మనదా?

రెండు పొరపాట్లను త్రాసులో వేసి చూతము. అనర్హునకు ఒక సంచి పోయినచో నష్టము ఒక సంచి. అర్హుడు సిగ్గుపడి రాకపోయినచో నష్టము ఒక యింటి ఆకలి. ఈ రెండును సమానములు కావు. మన నియమములన్నియు మొదటి పొరపాటును తప్పించుటకే ఏర్పడినవి. రెండవ పొరపాటు మన లెక్కపుస్తకములో నెక్కదు గనుక అది జరుగుట లేదని భ్రమపడుచున్నాము. రానివాడు కనబడడు. కనబడని వాని కొరకే ఈ పని మొదలైనదను సంగతి మరువరాదు.

కావున విచారణ యుండవలెను గాని దాని దిశ మారవలెను. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి. రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు నేరము మోపగా, భండారమును లెక్కించి చూచినపుడు కొరత కానరాలేదని బసవపురాణ కథ. ఆ కథలో లెక్క యడిగినది ఎవరిని? ఇచ్చినవానిని. అన్నము తిన్న జంగమును ఎవరును లెక్క యడుగలేదు. సంఘములకు ఇదియే చాలినంత ఆదర్శము. ఎంత చందా వచ్చినది, ఎంత వెచ్చమైనది, ఎన్ని యిండ్లకు పోయినది అను లెక్క నెలనెలా గోడకు అంటింపవలెను. ఎవరి యిండ్లకు పోయినది అనునది మాత్రము ఇద్దరు ముగ్గురు పెద్దల మనసులో నుండవలెను. పుచ్చుకొనువానిని అడుగవలసినవి మూడే ప్రశ్నలు: ఇంట ఎందరున్నారు, ఏమి లేదు, ఎన్ని నెలలకు కావలెను. ఎందుకు లేదని అడుగుట మన పని కాదు. అతడే చెప్పుకొన్నచో ఓపికతో వినుట మన పని.

దాసోహము అను పదమునే పరిశీలింతము. 'నేను దాసుడను' అని దాని యర్థము. దానము అన్నపుడు ఇచ్చువాడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను నిలుతురు. దాసోహమన్నపుడు ఇచ్చువాడే క్రింద నిలుచును. ఈ భేదము మాటలలోనిది కాదు, నడవడిలోనిది. దాత వేదిక మీద కూర్చుండును, పేదవాడు పిలిచినపుడు మెట్లెక్కి రావలెను. దాసుడు తానే వెచ్చములను మోసికొనిపోయి, చీకటి పడిన తరువాత తలుపు తట్టి, "అమ్మా, ఇవి మీకు చేర్చుమన్నారు" అని చెప్పి వెనుకకు మరలును. పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున బసవపురాణమును దేశీయమైన ద్విపదలో వ్రాసి, శాస్త్రము చదువని భక్తులను కథానాయకులుగ చేసినది ఈ మెట్టు భేదమును చెరిపివేయుటకే గదా!

ఈ మార్గము మన సంప్రదాయమున కొక్కదానికే సొత్తు కాదు. అన్నదానము చేసిన మహనీయులను తలచుకొన్నచో ఒక్కొక్కరి వద్ద ఒక్కొక్క పాఠము దొరకును. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళ కాని వేళలందును వండి పెట్టిరి. ఆకలికి వేళ లేదనునది ఆమె నేర్పిన పాఠము. తమిళనాట వడలూరులో రామలింగస్వామి 1867లో వెలిగించిన ధర్మశాల పొయ్యి నేటికిని ఆరలేదు. పండుగనాటి అన్నదానము కంటె ఆరని పొయ్యి గొప్పదనునది అచటి పాఠము. సిక్కుల లంగరులో అందరు ఒకే పంక్తిలో నేలపై కూర్చుండి భుజింతురు. తిన్నవాడే లేచి గిన్నెలు తోమవచ్చును. పెట్టువాడు, తినువాడు అను రెండు జాతులు లేవనునది ఆ పంక్తి పాఠము. మన నగరముననే డబీర్‌పురా వంతెన క్రింద అజర్ మక్సూసీ 2012 నుండి ఆకలిగొన్నవారికి మతభేదము లేక అన్నము పెట్టుచున్నారు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమారస్వామివారు (1907–2019) కుల మత భేదములు లేక వేలాది పిల్లలకు అన్నము, వసతి, విద్య మూడింటిని కలిపి యిచ్చిరి. అన్నముతో ఆగక, రేపు ఆ బిడ్డ తన కాయకమును తాను చేసికొనగలుగునట్లు చేయుట ఆ త్రివిధ దాసోహ తాత్పర్యము.

మన కాలనీల కీ పాఠములు ఎట్లు ఉపకరించును? పూర్వము మన యిండ్లలో పిడికెడు బియ్యపు ఆచార ముండెడిది. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరు కుండలో వేసెడిది. పిడికెడు 50 గ్రాములనుకొన్నను నెలకు ఒకటిన్నర కిలో. నూరిండ్లు కలసినచో 150 కిలోలు. కార్డు లేని యిండ్లకు ఆ బియ్యము చాలును. కార్డు ఉన్న యిండ్లకు పప్పు, నూనె, పాలు కావలెను. వాటికి నూరిండ్లవారు నెలకు తలా కొంత వేసికొనవచ్చును. వీధి చివర కిరాణా దుకాణదారుతో మాట్లాడుకొని చీటి పద్ధతి పెట్టినచో ఆ యిల్లాలు తనకు కావలసినది తానే ఎంచి, అందరివలెనే సంచితో ఇంటికి పోవును. దారిలో ఎవరికిని భేదము తెలియదు. కార్డు లేనివారికి దరఖాస్తు వ్రాసి పెట్టుట, కార్యాలయమునకు తోడు పోవుట, పని పోయిన వానికి పని చూచి పెట్టుట కూడ దాసోహమే. ఒక నెల వెచ్చములు ఒక నెలలో అయిపోవును. ఒక రేషను కార్డు, ఒక ఉద్యోగము సంవత్సరముల తరబడి అన్నము పెట్టును.

ఒక సందేహము మిగులును. పుచ్చుకొనువారి నుండి ఏమైనను కోరవచ్చునా? షరతుగా కోరరాదు, వెచ్చములకు బదులు పని చేయుమన్నచో అది కూలియగును, అదియును తక్కువ కూలి. కాని వారు తామై వచ్చి సంచులు కట్టుదుమన్నచో, పిల్లలకు సాయంకాలము చదువు చెప్పుదుమన్నచో, "మీరు కూర్చుండుడు, మేము చేసెదము" అని వారింపరాదు. ఇచ్చుట ఒక భాగ్యము. దానిని మనకే యుంచుకొని, పుచ్చుకొనుటను మాత్రము వారికి పంచుట న్యాయము కాదు. గింజలేరిన దంపతులకు పెట్టు భాగ్యము నున్నపుడు, నెల దినములు పని లేని ఉపాధ్యాయునకు ఉండరాదా?

కావున మొదటి ప్రశ్నకు ఇట్లు సమాధానము చెప్పుకొనవచ్చును. కాయకము ఆగిన యింట అన్నము పెట్టుట కాయకధర్మమునకు విరుద్ధము కాదు. ఆ కాయకము మరల మొదలగు వరకు ఆ యింటి పొయ్యిని ఆరకుండ కాచుట దానిలోని భాగమే. అయితే ఆ అన్నము పుచ్చుకొనువాని తల వంచినచో అది దాసోహము కాదు, దానము కూడ కాదు. మన పేరు కొనుటకు పెట్టిన వెల మాత్రమే.

శరణబంధువులారా! ఈ మాసము మీ వీధిలో ఏ యింట పాలపాకెట్టు ఆగినదో, ఏ బిడ్డ బడికి టిఫినుడబ్బా లేక పోవుచున్నదో ఒకమారు గమనింపుడు. తెలిసిన సంగతిని నలుగురిలో చెప్పకుడు. చీకటి పడిన తరువాత ఆ తలుపు మెల్లగ తట్టుడు.